పేరు మిగలని పునీతులు



బెంగళూరు నగర్తపేటలో పొద్దున్నే ఒకసారి నడిచి చూడండి. నగర్తలనే వర్తకుల పేరు మీద ఏర్పడిన పేట ఇది. ఇరుకు సందులు, బట్టల మూటలు, తోపుడు బండ్లు. బేరం కన్నడంలో మొదలై తెలుగులోకి మళ్ళి, ఒక్కోసారి తమిళంలో తెగుతుంది. చైత్ర పౌర్ణమికి ఇక్కడి ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ బయలుదేరుతుంది. దారిలో కాటన్‌పేటలోని మస్తాన్ సాహెబు దర్గా దగ్గర ఆగి ముందుకు సాగుతుంది. ఒకరి పండుగలో మరొకరికి చోటుండడం ఈ పేటకు కొత్త కాదు.

నేను బడిపంతుల్ని. ఒక ఏడాది అక్టోబరు చివర పిల్లల్ని అడిగాను: "నవంబరు ఒకటిన సెలవు ఎందుకురా?" అందరూ ఒక్క గొంతుతో "రాజ్యోత్సవ సార్" అన్నారు. వెనక బెంచీలో ఒక అమ్మాయి మాత్రం మెల్లగా, "మా ఇంట్లో సకల పునీతుల పండుగ కూడా సార్" అంది. మిగతా పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ పండుగ సంగతి ఆ రోజు నాకూ సరిగ్గా తెలియదు మరి. తర్వాత తెలుసుకున్నదే ఇవాళ మీ ముందుంచుతున్నాను.

కతోలిక క్రైస్తవుల కేలండరులో దాదాపు ప్రతి రోజుకూ ఒక పునీతుడో పునీతురాలో ఉంటారు. మార్చి 19 జోజప్పగారిది, జూన్ 13 పాదువా అంతోనివారిది, డిసెంబరు 3 ఫ్రాన్సిసు శౌరివారిది. అయితే మంచిగా బతికి, పేరు కూడా మిగలకుండా వెళ్ళిపోయినవారి మాటేమిటి? వారందరినీ కలిపి తలుచుకునే రోజే నవంబరు 1. ఐరోపాలో 9వ శతాబ్దం నాటికి ఈ తేదీ స్థిరపడింది. మర్నాడు, నవంబరు 2న, సమాధుల పండుగ. ఆ రోజు గోరీలు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మన మహాలయ పక్షం ఎరిగిన వారికి ఆ భావం వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మన ప్రాంతం సంగతికి వద్దాం. 18వ శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి నుంచి కొందరు ఫ్రెంచి జెసూట్ గురువులు మన మెట్ట సీమలోకి వచ్చారు. పుంగనూరులో స్థావరం ఏర్పరచుకున్నారు. 1709లో ల గాక్ అనే గురువు చిక్కబళ్ళాపురం నుంచి ఉత్తరం రాశాడు. వాళ్ళు కావిబట్ట కట్టారు, మాంసం మానారు, సన్యాసుల్లా తిరిగారు, తెలుగు నేర్చారు. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ప్రబంధ ఫక్కీలో 'వేదాంత రసాయనము' పేరుతో కావ్యం చేశాడు. పుంగనూరు ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, చిక్కబళ్ళాపురం కర్ణాటకలో ఉంది. ఆ గురువులు నడిచినప్పుడు మాత్రం ఈ రెంటి మధ్య ఈ గీత లేదు.

వారిలో కేర్దూ అనే ఆయనను మీకు ప్రత్యేకంగా పరిచయం చేయాలి. 1691లో ఫ్రాన్సులో పుట్టి, 1732లో ఇక్కడికి వచ్చి, 1779లో పుదుచ్చేరిలో కన్నుమూశాడు. తెలుగు నిఘంటువు కూర్చాడు. సంస్కృతం చదివాడు. మన 'అగ్ని' లాటిన్‌లో 'ఇగ్నిస్', మన 'విధవ' అక్కడ 'విదువా' అని గమనించి, ఈ భాషలకు మూలం ఒకటే అయి ఉండాలని 1767లో పారిస్ పండితులకు రాసి పంపాడు. విలియం జోన్స్ కలకత్తాలో ఇదే మాట చెప్పి ప్రసిద్ధి పొందింది 1786లో. కేర్దూ వ్యాసం అచ్చయింది 1808లో! అప్పటికి ఆయన పోయి 29 ఏళ్ళు.

నగర్తపేటలో బట్టల మధ్య తిరిగే నాకు అంతకన్నా ఆసక్తి కలిగించింది ఆయన 1742లో రాసిన మరో ఉత్తరం. అది అద్దకం గురించి. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెట్టడం, వెదురు కలంతో గీతలు గీయడం, నీలి అంటకూడని చోట మైనం పూయడం, పటిక, చిరివేరులతో ఎరుపు తేవడం — అన్నీ వరుసగా రాశాడు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారిని అడగండి, ఇప్పటికీ కరక్కాయ, పాల సంగతి చెబుతారు.

ఇదంతా ఆయనకు ఎవరు చెప్పారు? కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న అద్దకం పనివారు. గురువుగారి మీది నమ్మకంతో కులవృత్తి రహస్యాన్ని విప్పి చెప్పారు. ఆ రోజుల్లో ఫ్రాన్సులో మన రంగు గుడ్డల మీద నిషేధం ఉండేది. 1686లో మొదలైన ఆ నిషేధాన్ని 1759లో ఎత్తేశారు. మరుసటి ఏడే అక్కడ జూయ్ అనే ఊళ్ళో పెద్ద అద్దకం కార్ఖానా వెలిసింది. ఒక్క ఉత్తరం వల్లనే మన పనివారి పొట్ట కొట్టారనడం న్యాయం కాదు. యంత్రాలు వచ్చాయి, కంపెనీ పాలన వచ్చింది, కారణాలు చాలా ఉన్నాయి. కాని ఇచ్చినవారికి ఏం దక్కిందని అడగకుండా ఉండడమూ న్యాయం కాదు. కేర్దూ పేరు పుస్తకాల్లో నిలిచింది. నేర్పిన చేతుల పేర్లు నిలవలేదు. ఆయనకు సంస్కృతం చెప్పిన పండితుల పేర్లూ అంతే.

శివాజీనగర్‌లోని మరియమాత గుడిని మీలో చాలామంది చూసే ఉంటారు. ఇప్పుడున్న గుడి ప్రతిష్ఠ 1882లో జరిగింది. ఏటా సెప్టెంబరు 8న తేరు కదులుతుంది. అక్కడ అమ్మవారికి చీర కడతారు. ఆ చీరను చూసినప్పుడల్లా నాకు ఆ పనివారే గుర్తుకొస్తారు. దూరదేశపు భక్తికి మన నేల బట్ట కట్టింది ఎవరో పేరున్నవారు కాదు, ఇలాంటివారే.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అదే రోజు కన్నడ ప్రాంతాలన్నీ మైసూరు రాష్ట్రంగా ఒకటయ్యాయి. 1973 నవంబరు 1న దానికి కర్ణాటక అని పేరు పెట్టారు. అంతకు ముందే, 1953లో, బళ్ళారి మైసూరులో కలిసింది. సరిహద్దు జిల్లాల మనకు ఆ తేదీ ఎంత దగ్గరిదో మీకు తెలుసు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. లేదా ఇంట్లో కన్నడం, కచేరీలో తెలుగు. రెండు భాషల మధ్య పిల్లల్ని చేయిపట్టి నడిపించిన తల్లులు, ఊరి పంతుళ్ళు, కూలీలు ఎందరో. వారి పేరు మీద వీధి లేదు, విగ్రహం లేదు.

కాబట్టి ఈసారి నవంబరు ఒకటి వచ్చినప్పుడు, మీరు ఏ మతం వారైనా సరే, ఒక పని చేయండి. జెండా పండుగ అయ్యాక పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకోండి. మీకు చేతిపని నేర్పినవారిదో, మొదటి అక్షరం దిద్దించినవారిదో ఒక్క పేరు వారికి చెప్పండి. ఆ పేరును ఒక కాగితం మీద రాయించండి, మీ పిల్లలకు ఏ లిపి వస్తే ఆ లిపిలో. మా బడిలో మేమూ అలాగే చేశాం. మొదట రాసింది ఆ వెనక బెంచీ అమ్మాయే. వాళ్ళ అవ్వ పేరు రాసింది, రెండు లిపుల్లోనూ.