చంద్రుని దూరము: గ్రహణములు చెప్పిన సాక్ష్యము

భూమినుండి చంద్రుని సగటు దూరము 3,84,400 కిలోమీటరులు. కక్ష్య సరియైన వృత్తము కాదు గనుక ఈ దూరము ప్రతినెలయు కొంత హెచ్చి తగ్గుచుండును. సూర్యుని దూరము కూడ జనవరి మొదటివారములో 14.7 కోట్ల కిలోమీటరులకు తగ్గి, జులై మొదటివారములో 15.2 కోట్లకు పెరుగును. ఇవి మరల మరల వచ్చిపోవు మార్పులు. ఇవిగాక యుగయుగములుగా ఒకే వైపునకు సాగు మార్పు వేరొకటి కలదు. దాని జాడ మొదట తెలిపినవి ప్రాచీన గ్రహణములు.

1695లో ఇంగ్లండు ఖగోళశాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ హేలీ, పూర్వులు వ్రాసియుంచిన గ్రహణముల వేళలను తన కాలపు లెక్కలతో పోల్చెను. అవి పొసగలేదు. చంద్రుని నడక వెనుకటికంటె వేగమైనట్లు తోచెను. వేగము నిజముగా హెచ్చుచున్నచో చంద్రుడు క్రమముగా భూమిని సమీపించవలెను. తుదకు భూమిపై పడునా?

1787లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ఈ భయమును తీర్చెను. గ్రహముల ఆకర్షణవలన భూకక్ష్య ఆకారము మెల్లగా మారుననియు, అందుచే చంద్రుని వేగము కొన్ని యుగములు హెచ్చి, తరువాత తగ్గుననియు చూపెను. అతని లెక్క పరిశీలనలతో సరిపోయెను. సమస్య ముగిసినదని పండితులు తలచిరి.

అయితే 1853లో కేంబ్రిడ్జి పండితుడు ఆడమ్స్ ఆ గణితమును తిరిగి చేసి, లాప్లాస్ చెప్పిన కారణము సుమారు సగము మార్పునకే చాలునని తేల్చెను. ఫ్రెంచి పండితులు కొందరు దీనిని ఖండించిరి. కాని ఫ్రెంచివాడే యగు డెలోనే వేరు పద్ధతిలో లెక్కించి ఆడమ్స్‌నే సమర్థించెను. మిగిలిన సగమునకు కారణమేమి?

1865లో డెలోనే సమాధానము సూచించెను. మనము కాలమును కొలుచు గడియారమే, అనగా భూభ్రమణమే, మందగించుచున్నది! చంద్రుని ఆకర్షణచే సముద్రజలము ఉబ్బును. భూమి వేగముగా తిరుగుచు ఆ ఉబ్బును చంద్రునికంటె ముందునకు ఈడ్చుకొనిపోవును. చంద్రుడు దానిని వెనుకకు లాగుటచే భూభ్రమణము మందగించును. ఉబ్బు చంద్రుని ముందునకు లాగుటచే అతడు మరింత పెద్ద కక్ష్యకు జరుగును. అక్కడ అతని నడక నిజమునకు మందమే. కాని మన దినము అంతకుమించి సాగుచుండుటచే, చంద్రుడు త్వరపడినట్లు కనబడును. దినము శతాబ్దమునకు సెకండులో వెయ్యింట సుమారు రెండు వంతులే పెరుగును. అయినను 2,000 ఏండ్లలో ఆ తేడాలన్నియు కూడి దాదాపు మూడు గంటలగును.

1879లో జార్జి డార్విన్ ఈ సిద్ధాంతమును గణితముతో విస్తరించెను. 1963లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ వెల్స్, కోట్లకొలది ఏండ్లకు పూర్వపు పగడపు శిలాజములపై పెరుగుదల గీతలను లెక్కించి, నాటి సంవత్సరమునకు సుమారు 400 దినములుండెనని చూపెను. 1969లో అపోలో 11 యాత్రికులు, వచ్చిన కాంతిని వచ్చిన దారినే త్రిప్పిపంపు సాధనమును చంద్రునిపై ఉంచిరి. లేసర్ కిరణములు పోయివచ్చు కాలమును కొలువగా, చంద్రుడు ఏటేట 3.8 సెంటీమీటరులు దూరమగుచున్నట్లు రుజువైనది. హేలీ నాటి భయమునకు ఇది పూర్తిగా విరుద్ధము.

సూర్యుడు కూడ కాంతిరూపమునను, కణరూపమునను ద్రవ్యరాశిని కోల్పోవుచుండుటచే భూకక్ష్య ఏటికి సుమారు ఒకటిన్నర సెంటీమీటరు విస్తరించుచున్నది. 15 కోట్ల కిలోమీటరులలో ఇది లెక్కకు రాదు. చంద్రుని విషయము అట్లు కాదు. కొన్ని పదుల కోట్ల ఏండ్లకు అతని బింబము సూర్యుని పూర్తిగా కప్పజాలనంత చిన్నదిగా కనబడును. అప్పుడు కంకణ గ్రహణములు, పాక్షిక గ్రహణములు మాత్రమే మిగులును. సంపూర్ణ సూర్యగ్రహణము ఇక నుండదు.