గండి, గుడారం, జ్వరం: తెలుగు నేలపై విడిది ముప్పును అంచనా వేసిన తీరు

వ్యాససంగ్రహం

ఆరుబయట విడిది చేసేవారు దోమల వల్ల వచ్చే జ్వరాల ముప్పును ఏ ప్రాతిపదికన అంచనా వేశారన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. థామస్ మన్రోపై కడప జిల్లా గండిలో వాడుకలో ఉన్న ఐతిహ్యం, 1819లో ఎల్లాపురం అడవిలో జార్జ్ ఎవరెస్ట్ సర్వే బృందానికి కలిగిన విపత్తు, 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ పరిశోధన ఇందుకు ఆధారాలు. చాలాకాలం పాటు నింద స్థలం మీద పడింది. లెక్కలోకి తీసుకోవలసినవి నిలిచిన నీరు, కాలం, విడిదిలోని మనుషులు అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గండి, గండికోట, మలేరియా, సర్వే విడిదులు, మన్రో, ఎవరెస్ట్, రాస్.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘గండి’ అనే మాటకు రెండు ప్రధానార్థాలున్నాయి. కొండను చీల్చుకొని నది సాగే ఇరుకు దారి ఒకటి. చెరువు కట్టకో కాలువ గట్టుకో పడిన తెగు రెండవది. కడప జిల్లాలో మొదటి అర్థానికి రెండు ప్రసిద్ధ ఉదాహరణలు కనిపిస్తాయి. వేంపల్లె సమీపాన పాలకొండలను చీల్చుకొని పాపాఘ్ని ప్రవహించే చోటు గండి క్షేత్రం. జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండల నడుమ పెన్న కోసిన లోయ పేరు మీదుగా వెలసినది గండికోట. రెండవ అర్థం నీరు పారి, చెల్లాచెదరై, పల్లాల్లో నిలిచిపోవడాన్ని గుర్తుచేస్తుంది. పారే నీటికీ నిలిచే నీటికీ గల ఈ తేడాయే ప్రస్తుత చర్చకు కీలకం.

నేడు గండికోటకు వచ్చే యాత్రికులు లోయ అంచున గుడారాలు వేసుకొని రాత్రి గడుపుతున్నారు. ‘ఇక్కడ పడుకోవచ్చునా, జ్వరం వస్తుందా’ అన్న ప్రశ్న వారికి కొత్తదే కావచ్చు. తెలుగు నేలకు అది పాత ప్రశ్న. సైనికులు, రెవెన్యూ అధికారులు, సర్వే ఉద్యోగులు దానికి తమ కాలపు జ్ఞానంతో జవాబు చెప్పుకున్నారు. ఆ జవాబులలో కొన్ని ప్రాణాలు తీశాయి.

2. మన్రో విడిదులు, గండి ఐతిహ్యం

1800లో నిజాం నుండి దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీకి సంక్రమించగా, థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు పనిచేశాడు. భూమి కొలతలకూ పన్ను నిర్ణయానికీ ఊరూరా తిరుగుతూ ఎక్కువ కాలం గుడారాలలోనే గడిపాడు. గవర్నరుగా వీడ్కోలు పర్యటనకు తిరిగి ఈ ప్రాంతానికే వచ్చిన ఆయన 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు.

గండి ఐతిహ్యం ఈ మరణాన్ని మరో విధంగా చెబుతుంది. శ్రీరామునికి స్వాగతంగా వాయుదేవుడు రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడనీ, అది మరణం సమీపించిన పుణ్యాత్ములకే కనిపిస్తుందనీ స్థానికుల విశ్వాసం. మన్రో ఆ దారిన పోతూ తల పైకెత్తి చూసి తోరణాన్ని గురించి ప్రస్తావించాడనీ, ఆ తరువాత ఎక్కువ కాలం బ్రతకలేదనీ కథ.

ఈ కథను చారిత్రక సాక్ష్యంగా కాక ఒక ఆలోచనా సరళికి ఉదాహరణగా చదవాలి. మరణానికి సూచన ఒక చోటిలో, ఒక కొండ సందులో కనిపిస్తుందన్నది దాని సారం. ఇది పామరుల విశ్వాసమని తోసివేయడం సరికాదు. అదే కాలపు పాశ్చాత్య వైద్యులు కూడా కొండ సందులలో, చిత్తడి నేలలలో పుట్టే ‘చెడు గాలి’ జ్వరానికి కారణమని నమ్మారు. ‘మలేరియా’ అనే ఇటాలియన్ మాటకు అర్థం చెడుగాలి అనే. మన పల్లెలు ‘నీళ్లు పడలేదు’ అన్నాయి. ఆయుర్వేదం మాత్రం తృతీయక, చతుర్థక జ్వరాలని విభజించి, జ్వరం తిరిగి వచ్చే వ్యవధిని గుర్తించింది. అంటే లక్షణాల విషయంలో పరిశీలన నిశితంగానే ఉంది. కారణం విషయంలో అందరూ చోటునే వేలెత్తి చూపారు. మన్రోను బలిగొన్న కలరా నీటి ద్వారా సోకేది, దోమకు సంబంధం లేనిది. అయినా ఆనాటి వైద్యంలో కలరాకూ చలిజ్వరానికీ చెడు గాలి అనే ఒకే సంజాయిషీ చెల్లుబాటయింది.

3. ఎల్లాపురం అడవి, 1819

విడిది ముప్పును తెలిసి తెలిసి తూచిన సందర్భం గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వేలో దొరుకుతుంది. విలియం లాంబ్టన్‌కు సహాయకుడుగా 1818 చివర హైదరాబాదు చేరిన జార్జ్ ఎవరెస్ట్‌కు కృష్ణా గోదావరుల నడుమ త్రిభుజాల వరుసను కొలిచే పని అప్పగించబడింది. వేసవిలో దుమ్మూ ఎండ ఆవిరీ దూరపు శిఖరాలను కప్పివేస్తాయి. వాన కడిగిన గాలిలో చూపు చాలా దూరం సాగుతుంది. కనుక సర్వేకు అనువైనది వానాకాలమే. ఆ కాలం అడవిలో జ్వరాలు ఎక్కువన్న సంగతి అందరికీ తెలిసినదే. కొలత ఖచ్చితత్వాన్ని ఒక తట్టలో, మనుషుల ఆరోగ్యాన్ని మరొక తట్టలో పెట్టి తూచినప్పుడు మొగ్గు కొలత వైపే చూపింది.

ఫలితం దారుణం. ఎల్లాపురం అడవిలో ఎవరెస్ట్‌తో పాటు సుమారు 150 మంది గల బృందం దాదాపు మొత్తం జ్వరంతో పడిపోయింది. వారిని మోసుకురావడానికి హైదరాబాదు నుండి ఏనుగులను, డోలీలను పంపవలసి వచ్చింది. నగరం చేరకముందే 15 మంది చనిపోయారు. ఎవరెస్ట్ మళ్లీ పనికి వెళ్లి మళ్లీ జబ్బుపడి, 1820లో ఆరోగ్యం కోసం గుడ్‌హోప్ అగ్రం వెళ్లాడు. సర్వే చరిత్రలో అతని పేరు శిఖరమై నిలిచింది. జెండాలు, గొలుసులు, సామాను మోసి దారిలో కన్నుమూసిన వారి పేర్లు ఏ శిఖరానికీ లేవు. ముప్పును తూచే త్రాసు అధికారి చేతిలో ఉండగా, దాని బరువు కూలీల మీద పడింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆనాటి రాతల్లోని ‘అడవి జ్వరం’ అంతా మలేరియాయే అనుకోరాదు. పొదల్లోని పురుగుల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ వంటివి కూడా అందులో కలిసి ఉండవచ్చు. అయితే కాలం, ప్రదేశం, పదేపదే తిరగబెట్టిన తీరు మలేరియాకు సరిపోతాయి. దానిని నివారించే జ్ఞానం అప్పటికి లేదు. సింకోనా బెరడు నుండి క్వినైన్‌ను పెలెటియె, కావెంతూ వేరుచేసినది 1820లోనే. తరువాతి దశాబ్దాలలో రాత్రి దీపాలు, హీలియోట్రోప్ అద్దాలు సర్వేలో స్థిరపడిన కొద్దీ వానాకాలంపై ఆధారపడవలసిన అవసరం తగ్గింది. విడిది కాలాన్ని మార్చుకోవచ్చునన్నది ఆ విపత్తు నుండి మనం గ్రహించదగిన మొదటి పాఠం.

4. సికింద్రాబాదు, 1897

రోనాల్డ్ రాస్ 1897 ఏప్రిల్‌లో సెలవుపై ఊటీకి వెళ్లి, మలేరియాకు పేరుమోసిన సిగూరు కనుమలో పరిశోధనకు దిగాడు. దోమతెర వాడినా, అక్కడికి చేరిన కొద్ది రోజులకే అతనికి జ్వరం వచ్చింది. నేటి జ్ఞానంతో చూస్తే ఇది ఆలోచింపజేసే ఘటన. దోమ కుట్టిన తరువాత మలేరియా బయటపడడానికి కనీసం వారం రోజులు పడుతుంది. కనుక జ్వరం కనబడిన చోటు, కుట్టు పడిన చోటు ఒకటే కానక్కరలేదు. స్థలాన్ని నిందించే పాత అలవాటు ఎంత తప్పుదారి పట్టించగలదో దీనితో తెలుస్తుంది.

అదే ఏడాది ఆగస్టు 20న సికింద్రాబాదులో, మలేరియా రోగి రక్తం తాగిన అనోఫిలిస్ దోమ కడుపు గోడలో పరాన్నజీవిని రాస్ గుర్తించాడు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షి మలేరియాపై అతను, ఇటలీలో మానవ మలేరియాపై గ్రాసీ బృందం ఈ చక్రాన్ని పూర్తిచేశారు. అప్పటి నుండి జ్వరం గాలిలో ఉండేది కాకుండా పోయింది. అది ఒక మనిషి రక్తం నుండి, దోమ ద్వారా, మరో మనిషికి చేరేదిగా మారింది. ఈ దృష్టితో ఎల్లాపురాన్ని మళ్లీ చూస్తే, 150 మంది దగ్గర దగ్గరగా పడుకున్న విడిది కేవలం బాధిత స్థలం కాదు. బృందంలో ఒకరిద్దరికి పరాన్నజీవి ఉంటే చాలు, విడిదియే దానికి ఆశ్రయమవుతుంది.

5. గండిలో నీటిని చదవడం

ఈ చరిత్రను కడప జిల్లా కొండ సందులకు అన్వయిస్తే మూడు అంశాలు తేలుతాయి.

మొదటిది నీరు. ఉధృతంగా పారే నదిలో దోమ పిల్లలు నిలువలేవు. ప్రవాహం తగ్గి ఇసుకలో, రాతి గుంతలలో మిగిలిన మడుగులు, కాలువ ఊటనీరు అనోఫిలిస్ క్యూలిసిఫేసిస్‌కు అనుకూలం. ఇది పల్లెల్లో ముఖ్యమైన మలేరియా వాహకం. గుడ్డు దోమగా మారడానికి వారం నుండి రెండు వారాలు, దోమలో పరాన్నజీవి ఎదగడానికి మరో పది రోజులకు పైగా పడతాయి. కాబట్టి వాన పడిన రోజు కన్నా, వాన వెలిసిన కొన్ని వారాల తరువాతి కాలం ప్రమాదకరం. ఈశాన్య ఋతుపవనాలు అక్టోబరు, నవంబరులలో వాన కురిపించే రాయలసీమలో, లోయ పచ్చగా, వాతావరణం చల్లగా ఉండి యాత్రికులను పిలిచే కాలం సరిగ్గా అదే.

రెండవది వేళ. అనోఫిలిస్ సాయంకాలం నుండి తెల్లవారు వరకు కుడుతుంది. డెంగీని మోసే ఈడిస్ పగటి దోమ. ఉదయం, సూర్యాస్తమయానికి ముందు అది చురుకుగా ఉంటుంది. తొట్లు, పాత టైర్లు, పారేసిన గ్లాసులలోని కొద్దిపాటి నీటిలో పుడుతుంది. అడవి దోమను తలచి భయపడే యాత్రికుడు తాను పారేసిన గ్లాసును లెక్కలోకి తీసుకోడు.

మూడవది మనిషి. నేడు ఆంధ్రప్రదేశ్‌లో మలేరియా ప్రధానంగా మన్యం జిల్లాలలో కేంద్రీకృతమై ఉంది. రాయలసీమలో దాని ముప్పు అంతకన్నా తక్కువ. కానీ విడిదిలో చేరేవారు అనేక ప్రాంతాల వారు. దేశంలో 1958లో నిర్మూలన కార్యక్రమంగా మారిన మలేరియా పోరాటం తొలుత గొప్ప ఫలితాలిచ్చి, 1976 నాటికి 64 లక్షలకు పైగా కేసులతో వెనకడుగు వేసింది. తగ్గిన జ్వరం పోయిన జ్వరం కాదని ఆ సంఖ్య హెచ్చరిస్తుంది.

6. ముగింపు

మన్రో ఐతిహ్యంలో ముప్పు ఒక చోటికి కట్టిన తోరణం. ఎవరెస్ట్ లెక్కలో అది పని కోసం చెల్లించదగిన మూల్యం. రాస్ తరువాత అది కొలిచి, తగ్గించుకోదగిన విషయమైంది. విడిది యోచించేవారు అడగవలసిన ప్రశ్న ‘ఈ చోటు మంచిదా’ అని కాదు. చుట్టూ ఒకటి రెండు కిలోమీటర్లలో వారానికి మించి నిలిచిన నీరు ఉన్నదా, చీకటి పడ్డాక ఒళ్లు కప్పుకొని దోమతెరలో ఉండగలమా, తిరిగివచ్చిన తరువాత నెలలోపు జ్వరం వస్తే వైద్యునికి ఆ ప్రయాణం సంగతి చెప్పి రక్తపరీక్ష చేయించుకుంటామా అని. అన్నిటికన్నా ముందు, ఆ ముప్పును మనతో పాటు మోసే వంటవారు, గుడారాలు వేసే కూలీలు, కాపలాదారులకు కూడా దోమతెర ఉన్నదా అని అడగాలి. ఎల్లాపురం దారిలో పేరు లేకుండా పోయినవారు చరిత్రకు వదలివెళ్లిన ప్రశ్న అదే.