ఓటమివలె తోచిన విజయము

కొల్లేటి చెంతనున్న కైకలూరు 2022 వరకు కృష్ణా జిల్లాలోనిది. నేడు ఏలూరు జిల్లాలోనిది. ఈ సీమకు ఒక వైపున బందరు, వేరొక వైపున ఏలూరు కలవు. ఈ రెండు పట్టణముల నడుమ క్రైస్తవము నడచిన త్రోవను పరిశీలించినచో, చెడుపై తుది గెలుపు దైవమునదే యను నమ్మకమునకు మనుష్యులు చెల్లించిన మూల్య మెట్టిదో తెలియగలదు.

1841లో ఆంగ్ల మతబోధకులు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్సు బందరు చేరిరి. ఫాక్సు పల్లెలు తిరిగి బోధించెను. ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలి, 1848లో మరణించెను. నోబుల్ 1843లో పాఠశాల తెరచెను. అగ్రవర్ణముల బాలురు చదువుకొనుటకు వచ్చిరి. అంటరానివారుగా ఎంచబడిన వారికి మాత్రము అందు ప్రవేశము లేదు.

1852లో మంచాల రత్నమను బ్రాహ్మణ యువకుడును, ఐనాల భూషణమను వెలమ యువకుడును ఇల్లు విడిచి నోబుల్ బంగళా చేరి, క్రైస్తవులము కాగోరుచున్నామనిరి. ఊరు అట్టుడికినది. బంధువులు రోదించిరి; జనము బంగళాపై బడిరి. తండ్రులు తమ పిల్లలను బడి మాన్పించిరి. మతము మారినవారి ఆస్తిహక్కును కాపాడు శాసనము 1850లోనే వచ్చియుండెను. కాని అమ్మ కలిపి పెట్టు ముద్దను, తోబుట్టువుల పలుకరింపును ఏ శాసనము ఇప్పింపగలదు? కుమారుడు బ్రతికియుండగనే దూరమైన తల్లిదండ్రుల దుఃఖమును నిజమైనదే. వారిని దుష్టులనుట చరిత్రకు న్యాయము కాదు.

ఇట్టి సంకటమున ఆ యువకులకు ఆసరా యేమి? రోమక సామ్రాజ్యపు హింసల నీడలో వెలువడిన ప్రకటన గ్రంథము, విజేతను ఖడ్గధారిగనే కాక, వధింపబడిన గొఱ్ఱెపిల్లగా చూపినది. హింసించువానిని చంపుట గెలుపు కాదు. వానిని ద్వేషింపక, తాను నమ్మినదానిని విడువక నిలుచుటయే గెలుపని దాని భావము. 313లో మిలానులో క్రైస్తవులకు మతస్వేచ్ఛ లభించినది. అంతకుముందు ప్రాణములిడినవారు ఆ దినమును చూడలేదు; చూడకయే నమ్మిరి.

బందరు పాఠశాల మరల నిండెను. రత్నము, భూషణము 1864లో గురుపట్టము పొందిరి. అదే సంవత్సరము నవంబరు 1న ఉప్పెన వచ్చి, బందరు తీరమున సుమారు 30,000 మందిని బలిగొన్నది. మరుసటి యేడు, 24 సంవత్సరములలో ఒక్కమారైనను స్వదేశము చూడని నోబుల్, బందరులోనే కన్నుమూసెను.

ఇంతలో 1854లో ఏలూరున మిషను వెలసినది. 1859లో రాఘవాపురపు మాలపల్లె పెద్ద పగోలు వెంకయ్య, డార్లింగు దొర చేత బాప్తిస్మము పొందెను. అటుపై ఆ మతము పల్లెలకు ప్రాకినది. శ్రోతలు గమనింపదగిన దిదియే: నోబుల్ బడి తలుపు ఎవరికి తెరువబడలేదో, వారి వాడలనుండియే ఆ సంఘము పెంపొందినది. దైవవిజయమును నమ్మినవారు సైతము, అది ఏ త్రోవన వచ్చునో ముందుగా ఎరుగజాలకపోయిరి.