డిసెంబర్లో రోజుకో బీరు సరే, మరి మన కల్లు సంగతేంటి?

డిసెంబర్ వచ్చిందంటే ఐటీ జనాల్లో ఈ మధ్య ఒక సరదా మొదలైంది. ఒకటో తారీకు నుంచి ముప్ఫై ఒకటి దాకా రోజుకో కొత్త క్రాఫ్ట్ బీరు రుచి చూడ్డం, దానికి ఐదుకి ఎన్ని మార్కులో వెయ్యడం. యూరప్‌లో క్రిస్మస్ ముందు పిల్లలకి రోజుకో చాక్లెట్ ఇచ్చే క్యాలెండర్లుంటాయి కదా, దానికి పెద్దవాళ్ళ వెర్షన్ అన్నమాట. మార్కులు రాసుకోడానికి 2010లో వచ్చిన అన్‌టాప్డ్ లాంటి యాప్‌లున్నాయి. తాగడానికి బెంగళూరులో కావలసినన్ని బ్రూ పబ్బులున్నాయి, హైదరాబాదులో కూడా 2015లో తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకి అనుమతిచ్చాక వచ్చాయి.

తాగేవాళ్ళని తాగొద్దనో, మానేసినవాళ్ళని తాగమనో చెప్పడం నా ఉద్దేశ్యం కాదు. నన్ను ఆలోచింపజేసింది ఆ బీరు మెనూల్లోని మాటలు. లోకల్, సీజనల్, స్మాల్ బ్యాచ్, ఫిల్టర్ చెయ్యనిది, గాల్లోని ఈస్ట్‌తోనే పులిసినది. శ్రీకాకుళం, విజయనగరం వైపు పుట్టినవాళ్ళెవరైనా ఈ ఐదు లక్షణాలూ చదివితే ముందు గుర్తొచ్చేది బీరు కాదు, కల్లు!

మన వైపు డిసెంబర్ అంటే ఈతకల్లు కాలం. చలి ముదిరేకొద్దీ ఈత రసం బాగుంటుంది. ఎండలు మొదలయ్యాక తాడి వంతు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లోకెళ్తే సవరలు, జాతాపులు ఇష్టంగా తాగే జీలుగు కల్లు. జీలుగు చెట్టు చిత్రమైంది. గెలలు పైనుంచి కిందకి ఒక్కొక్కటిగా వేసుకుంటూ వస్తుంది, ఆఖరి గెలతో చెట్టు ఆయుష్షు కూడా అయిపోతుంది. ఈతచెట్టుకైతే ఒక ఏడాది ఒక వైపు, మరుసటి ఏడాది రెండో వైపు చెక్కుతారు. అందుకే బాగా గీసిన చెట్టు మాను వంకరటింకరగా మెట్లుమెట్లుగా ఉంటుంది. ఆ కోతలు లెక్కపెడితే ఎన్నేళ్ళు గీశారో తెలిసిపోతుంది. మన భాషలో చెప్పాలంటే చెట్టు తన కమిట్ లాగ్ తన ఒంటి మీదే రాసుకుంటుంది :-)

కల్లు పులియడానికి ఎవరూ ఏమీ కలపక్కర్లేదు. చెట్టు నుంచి కారే రసంలో సుమారు పది నుంచి పదిహేను శాతం చక్కెర ఉంటుంది. లొట్టిలో, గాల్లో ఉన్న ఈస్టూ బాక్టీరియా వెంటనే పని మొదలుపెడతాయి. లొట్టి లోపల సున్నం రాస్తే ఆ పని ఆగుతుంది, అప్పుడది తియ్యటి నీరా. రాయకపోతే కొన్ని గంటల్లోనే నాలుగైదు శాతం ఆల్కహాల్, అంటే మామూలు లాగర్ బీరుకి దగ్గర దగ్గరగా. మర్నాటికి పుల్లబడుతుంది, ఇంకా ఉంచితే వెనిగర్. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే బీరు కూడా ఇలాగే గాలి ఈస్ట్‌తో, అదీ చలికాలంలోనే చేస్తారు. దానికి ప్రపంచమంతా జేజేలు. తేడా ఏంటంటే లాంబిక్‌ని పీపాల్లో ఏళ్ళతరబడి దాచొచ్చు, కల్లుని ఒక్కరోజు కూడా దాచలేం. ప్రతిరోజూ కొత్త బిల్డే, పాతది రన్ అవ్వదు.

నిల్వ ఉండకపోవడమే కల్లు కొంప ముంచిందని నా అభిప్రాయం. నిల్వ ఉండనిదాన్ని గోడౌన్లో పెట్టలేరు, సీలు వెయ్యలేరు, లెక్కపెట్టలేరు. లెక్కపెట్టలేనిదాని మీద పన్ను వెయ్యడం ఏ సర్కారుకైనా తలనొప్పే.

ఇంగ్లీషువాళ్ళు ఈ తలనొప్పికి చెట్టునే లెక్కపెట్టి మందు కనిపెట్టారు. 1886 మద్రాసు అబ్కారీ చట్టం కింద చెట్టుపన్ను పద్ధతి వచ్చింది. ఏ చెట్టు గీస్తున్నావో చెప్పి దానికి డబ్బు కట్టి, లైసెన్సు తీసుకోవాలి. అంతకుముందే, 1879లో, గోదావరి మన్యంలో జనం తమ ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద కూడా పన్ను పడేసరికి రంపా పితూరీ లేచింది. అది విశాఖ జిల్లా గొలుగొండ దాకా పాకింది. స్కూలు పుస్తకాల్లో పితూరీ గురించి చదువుకున్నాం గానీ, అందులో కల్లుకుండ పాత్ర ఎంతో ఎవరూ గట్టిగా చెప్పలేదు.

ఇక మన జిల్లాల కథ. 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకంలో గంజాం, విశాఖపట్నం జిల్లాల గీత కులాలుగా యాత, శెగిడి పేర్లు కనిపిస్తాయి. శెగిడి వాళ్ళనే ఇప్పుడు శ్రీశయనులంటున్నాం. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, అది 1950లో ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979లో.

1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టింది. 1948కల్లా అది మద్రాసు రాష్ట్రమంతా వచ్చేసింది. నిషేధం సారాకీ, విస్కీకీ, కల్లుకీ ఒకేలా వర్తించింది. కానీ దెబ్బ మాత్రం ఒకేలా తగల్లేదు. విస్కీ తాగే దొర మరో దారి వెతుక్కుంటాడు. మోకు కట్టుకుని చెట్టెక్కే వాడికి మరో పని ఏది? పైగా చెట్టు అందరికీ కనపడేలా ఊరి మధ్యలో నిలబడి ఉంటుంది, దొంగచాటుగా గీయడం కూడా కష్టమే.

ఇక్కడ వస్తారు మన సర్దార్ గౌతు లచ్చన్న. సోంపేట దగ్గర బారువలో 1909లో గీత కార్మికుల కుటుంబంలో పుట్టిన మనిషి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళిన మనిషి. మద్యనిషేధం గాంధీగారి కార్యక్రమం. దాన్నే పట్టుకుని గాంధీ బాటలో నడిచిన ఒకాయన గాంధీ పద్ధతిలోనే, అంటే సత్యాగ్రహంతోనే ఎదిరించడం చరిత్రలో చాలా అరుదు. గీత కార్మికులకి బతుకుతెరువు చూపించకుండా నిషేధం పెట్టడం అన్యాయం అన్నది ఆయన వాదన. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే, మద్రాసు నుంచి నిషేధం కూడా వారసత్వంగా వచ్చింది. నిషేధం ఎత్తెయ్యమని రామమూర్తి కమిటీ చెప్పినా ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం అమలు చెయ్యలేదు. 1954 నవంబర్లో ఆ విషయం మీదే అసెంబ్లీలో ఓటింగ్ జరిగి, ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. భాషా ప్రాతిపదికన వచ్చిన తొలి రాష్ట్రానికి తొలి ప్రభుత్వం, పదమూడు నెలల్లో, కల్లు మీద! పొట్టి శ్రీరాములు గారి త్యాగం మనందరికీ తెలుసు, ఈ ముక్క మాత్రం మనలో ఎంతమందికి తెలుసు?

అలాగని చెట్టు గెలిచిందా అంటే, లేదు. తర్వాత రాజ్యం చేసింది సారా. ప్యాకెట్లలో ఊరూరా దొరికే సారా ఎన్ని కాపురాలు కూల్చిందో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు దేశానికి చూపించారు. 1993 అక్టోబర్లో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు. సారా పోయిన చోటికి సీసా వచ్చింది. సీసాని లెక్కపెట్టొచ్చు కాబట్టి ఖజానాకి అదే ముద్దు. రణస్థలం మండలం బంటుపల్లిలో కింగ్‌ఫిషర్ వాళ్ళ కంపెనీ యునైటెడ్ బ్రూవరీస్ ఫ్యాక్టరీ ఉంది. మన జిల్లా నీళ్ళతో చేసిన బీరైనా, ఏ రాష్ట్రంలో తాగినా ఒకటే రుచి. అది వాళ్ళ గొప్పతనం, ఒప్పుకోవాల్సిందే. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే దుకాణాలు పెట్టినప్పుడు ఎప్పుడూ వినని బ్రాండ్లు కూడా చూశాం.

కల్లు అంతా అమృతమని నేననను. చెట్లు లేని నగరాల్లో అమ్మే కల్లులో ఏం కలుస్తుందో అందరికీ తెలుసు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులే చనిపోయారు. గీత పని కూడా పూలపాన్పు కాదు. చెట్టు మీంచి పడి నడుము విరిగిన మనిషి లేని గీత ఊరు ఉండదు. కొడుకు చెట్టెక్కకూడదని ఏ తండ్రైనా అనుకుంటే అందులో తప్పేం లేదు.

కానీ ఒక్కటి గమనించండి. 2024 అక్టోబర్లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ ప్రైవేటు మద్యం దుకాణాలొచ్చాయి, 3,396. ఆ తర్వాత గీత కులాలకి 10 శాతం లెక్కన మరో 340 దుకాణాలు ఇచ్చారు. ఆ కులాల జాబితాలో యాత, శ్రీశయన కూడా ఉన్నాయి. లాటరీ తగిలినవాళ్ళకి మంచిదే, నాకు సంతోషమే. కాకపోతే చెట్టుతో బతికిన కులానికి నష్టపరిహారంగా అందింది సీసాలమ్మే కొట్టు! మోకు, గీతకత్తి, ఏ చెట్టు ఎప్పుడు చెక్కాలో తెలిసిన జ్ఞానం.. వీటికి ఆ లైసెన్సులో చోటు లేదు. ఐదుకి నాలుగున్నర మార్కులేసి మనం నాలుగైదు వందలు పోసేది అలాంటి జ్ఞానానికే, కాకపోతే బెల్జియం వాడిదైతే.

ఈ సంక్రాంతికి ఎలాగూ ఊరెళ్తారు కదా. తాగినా తాగకపోయినా, మీ ఊళ్ళో ఇంకా ఎన్ని ఈతచెట్లు గీస్తున్నారో, గీసే మనిషి వయసెంతో ఒకసారి అడిగి చూడండి. ముప్ఫై ఒక్క రోజులకి ముప్ఫై ఒక్క చెట్లు కాదు గదా, గీసేవాళ్ళు ముగ్గురు దొరికినా గొప్పే.