కమాను పట్టీ నుంచి కొడవలి దాకా: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో ఉక్కు ప్రస్థానం

సంగ్రహం: తెలంగాణ ఉక్కు చరిత్ర సాధారణంగా స్థానిక ఉక్కు తయారీ క్షీణతతో ముగుస్తుంది. బరువు వాహనాల కమాను పట్టీలను కమ్మరులు పనిముట్లుగా మలచడాన్ని పరిశీలిస్తే, క్షీణించింది ఉక్కు తయారీయే తప్ప ఉక్కును ఎరిగిన విద్య కాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కమాను కట్ట, కమ్మరి వృత్తి, రవాణా చరిత్ర, బయ్యారం.

1. ప్రవేశిక

కమాన్ అంటే విల్లు. లారీ ఇరుసుపై విల్లులా వంగి ఉండే ఉక్కు పట్టీల దొంతరకు కమాను కట్ట అనే పేరు అలా వచ్చింది. 1804లో లండన్‌లో ఒబడయా ఇలియట్ గుర్రపు బండ్లకు దీర్ఘవృత్తాకార కమానులను రూపొందించాడు. తరువాత రైలు పెట్టెలు, బస్సులు, లారీలు ఈ పద్ధతినే అనుసరించాయి.

2. పనితీరు

పట్టీ మందాన్ని రెట్టింపు చేస్తే దాని బిగువు ఎనిమిది రెట్లవుతుంది. అదే మందం గల రెండు విడి పట్టీలను పేరిస్తే రెండు రెట్లే అవుతుంది. అందుకే ఒకే దిమ్మెకు బదులు పలుచని పట్టీల దొంతర విరగకుండా ఎక్కువగా వంగుతుంది. అన్నిటికన్నా పొడవైన పట్టీ చివరలను చుట్టి చట్రానికి బిగిస్తారు. పట్టీల మధ్య రాపిడి కుదుపును కొంత అణచివేస్తుంది. వీటికి వాడే సిలికాన్-మాంగనీసు ఉక్కులో కర్బనం సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది.

3. రవాణా, కొలిమి

నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో ఉక్కు తయారీని వర్ణించిన వాయిసీ వ్యాసం 1832లో వెలువడింది. ఆ శతాబ్దంలోనే దిగుమతి ఇనుము చౌకగా లభించడం, అడవులపై ఆంక్షలతో బొగ్గు కరువవడం స్థానిక కొలుములను దెబ్బతీశాయి. 1889 నాటికి జనగామ, మహబూబాబాద్ మీదుగా నిజాం రైలు బెజవాడ చేరింది. 1932లో అదే సంస్థ 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. రైలు మార్గం లేని భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు తరలింపు లారీలపై ఆధారపడింది. బరువు బండ్లు తిరిగిన చోటల్లా అరిగిన, విరిగిన పట్టీలు పాత ఇనుప సామాను అంగళ్లకు చేరాయి.

కమ్మరి వాటిని కోరుకోవడం యాదృచ్ఛికం కాదు. కర్బనం తక్కువైన మెత్తని ఇనుము నీట ముంచినా గట్టిపడదు. కమాను ఉక్కు గట్టిపడుతుంది. విరిగిన పట్టీ అలసిందే గాని దాని కర్బనం తరగలేదు. పగుళ్లున్న భాగాన్ని వదిలి, మిగిలినదాన్ని ఎర్రగా కాల్చి, దాగలిపై సమ్మెటతో సాగదీసి కొడవలి, కత్తి, గొడ్డలి చేస్తారు. పదును పెట్టేటప్పుడు తేలే పసుపు, గోధుమ, నీలి ఛాయలే ఉష్ణమాపకం. ఛాయ దాటితే అంచు మెత్తబడుతుంది, ముందే ఆపితే పెళుసవుతుంది. కర్మాగారం కొలతలతో సాధించే సమతుల్యతను ఇక్కడ కన్ను సాధిస్తుంది.

4. ముగింపు

2014 పునర్విభజన చట్టం నాటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగార సాధ్యాసాధ్యాల పరిశీలనను నిర్దేశించింది. ఆ చర్చకు కేంద్రమైన, ఇనుప ఖనిజమున్న బయ్యారం 2016 నుంచి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఖనిజం నేలలోనే ఉండగా, ఊరి కమ్మరికి ఉక్కు లారీ కింది నుంచి వస్తోంది. తక్కువ పట్టీల కమానులు, గాలి సస్పెన్షన్లు, వరికోత యంత్రాలు ఇటు ముడిసరుకును, అటు గిరాకీని తగ్గిస్తున్నాయి. కనుక కమ్మరుల వర్ణజ్ఞానాన్నీ, పదజాలాన్నీ నమోదు చేయడం వృత్తి చరిత్రకే గాక లోహశాస్త్ర చరిత్రకూ అత్యవసరం. వాయిసీ వంటివారు ఆనాడు రాసినందునే కోనసముద్రం కొలిమి నేడు చరిత్రలో నిలిచింది.