కడుపులో బల్ల కథ

‘కడుపులో బల్ల పెరిగింది’ అని మీ ఇంట్లో పెద్దవాళ్లు అనగా వినే ఉంటారు. ఆ బల్లే ప్లీహం. ఎడమవైపు పక్కటెముకల చాటున, పెద్దవారిలో సుమారు 150 గ్రాముల బరువుండే ఈ అవయవం ఎందుకున్నదో వైద్యులకు చాలాకాలం అంతుపట్టలేదు. తీసివేసినా మనిషి బతుకుతున్నాడు, ఇక దానితో పనేమిటి అనుకున్నారు!

1919లో మోరిస్, బుల్లక్ అనే పరిశోధకులు ఎలుకల ప్లీహాన్ని తొలగించి, వాటికి రోగక్రిములను ఎక్కించారు. ప్లీహం లేని ఎలుకలే ఎక్కువగా చనిపోయాయి. ఈ ఫలితాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1952లో కింగ్, షుమాకర్ అనే అమెరికన్ వైద్యులు, పుట్టుకతో వచ్చే ఒక రక్తహీనతకు చికిత్సగా ప్లీహం తీసేసిన ఐదుగురు పసిపిల్లలకు తరువాత తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు సోకాయని ప్రకటించాకగాని వైద్యలోకం మేల్కొనలేదు.

ఇంతకీ ప్లీహం చేసే పనేమిటి? న్యూమోకోకస్ వంటి బాక్టీరియాలకు చక్కెర పదార్థంతో చేసిన జారుడు తొడుగు ఉంటుంది. భక్షక కణాలకు అవి అంత తేలికగా చిక్కవు. ప్లీహంలో ఒక అంచు ప్రాంతంలో కాపుకాసే బి-లింఫోసైట్లు ఆ తొడుగును గుర్తుపట్టి, ఐజీఎమ్ అనే ప్రతిరక్షకాలను త్వరగా తయారుచేస్తాయి. ఆ ప్రతిరక్షకాలు అంటుకున్న క్రిమిని మాక్రోఫేజ్‌లు పట్టి మింగుతాయి. సన్నని సందుల గుండా రక్తం నెమ్మదిగా జారుతుంది కనుక వాటికి వ్యవధి దొరుకుతుంది. ప్రతిరక్షకాలు బాగా అంటుకున్న క్రిములను కాలేయం కూడా పట్టగలదు. అంతంత మాత్రంగా అంటుకున్నవాటికి ప్లీహమే దిక్కు.

ఇప్పుడు రాయ్‌పూర్ వెళ్దాం. ఛత్తీస్‌గఢ్‌లో సుమారు 3.6 లక్షల మందిని పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, నూటికి 9 మందికి పైగా కొడవలి కణ జన్యువు ఒకటి మోస్తున్నట్లు తేలింది. వారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చినవారికే జబ్బు. వారిలో వంకర తిరిగిన ఎర్రకణాలు ప్లీహపు సందుల్లో ఇరుక్కుని దాన్ని దెబ్బతీస్తాయి. అలాంటి పిల్లలకు రోజూ పెన్సిలిన్ ఇస్తే న్యూమోకోకస్ ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గాయని 1986లో అమెరికాలో రుజువైంది. ఆ క్రిమికి టీకా మన దేశపు ఉచిత టీకాల జాబితాలో 2017లో చేరింది.

అయితే ఒక చిక్కు ఉంది. ఆఫ్రికా సంతతి రోగులలో ప్లీహం సాధారణంగా చిన్నతనంలోనే కుంచించుకుపోతుంది. మన దేశపు రోగులలో శైశవ హిమోగ్లోబిన్ ఎక్కువ; ప్లీహం పెద్దయ్యాక కూడా చేతికి తగులుతుంటుంది. తగిలినంత మాత్రాన పనిచేస్తున్నట్లేనా? కాదు. చేతికి తగిలేంత పెరిగిన ప్లీహం కూడా పనిచేయకపోవచ్చునని పియర్సన్ బృందం 1969లోనే చూపింది. సంగతి తేల్చుకోవడానికి ఒక సులువైన ఆధారం ఉంది. ఎర్రకణాలలో మిగిలిపోయిన కేంద్రకపు తునకలను ఆరోగ్యమైన ప్లీహం ఏరిపారేస్తుంది. రంగు వేసిన రక్తపు పూతలో ఆ చుక్కలు కనిపిస్తున్నాయంటే ప్లీహం పని మందగించిందన్నమాట. వాటిని చూడటానికి మీ కాలేజీ మైక్రోస్కోపు చాలు.