సముద్రగర్భ భూకంపాలు – మీథేన్ ఊటలు: బంగాళాఖాతంలో పరిశోధన

సముద్రపు అడుగున భూమి కంపిస్తే అక్కడి మట్టిపొరల్లో చిక్కుకున్న మీథేన్ వాయువు పైకి వస్తుందా, వస్తే ఎంత కాలం వస్తుంది అని పరిశీలించే శాస్త్రవిభాగమిది. లోతు నీటి పీడనానికి, చలికి మీథేన్ నీటితో కలిసి మంచుగడ్డలా గట్టిపడుతుంది. దీన్ని గ్యాస్ హైడ్రేట్ అంటారు. భూకంపం ఈ పొరను చీల్చవచ్చు, వాలు మీది మట్టిని జార్చవచ్చు. కింది వాయువుకు అప్పుడు దారి దొరుకుతుంది.

20వ శతాబ్ది తొలి సగం దాకా విశాఖ తీరంలో సముద్రగర్భం గురించి తెలిసింది స్వల్పం. 1952లో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సందర్శక ఆచార్యుడిగా రావడంతో పరిస్థితి మారింది. భూగర్భ శాస్త్రాచార్యుడు సి. మహదేవన్ అండతో, భారత నౌకాదళం సమకూర్చిన ఓడల్లో, విద్యార్థులు సముద్రంలోకి వెళ్లి నీటి నమూనాలు, అడుగు మట్టి తెచ్చేవారు. నాటి ముఖ్య పరికరం బాతీథర్మోగ్రాఫ్. దాన్ని తీగకు కట్టి నీటిలోకి దించితే, లోపలి చిన్న గాజుపలక మీద సూది ఒక గీత గీసేది. లోతును బట్టి ఉష్ణోగ్రత ఎలా మారిందో ఆ గీత చెప్పేది. ఈ కృషి ఫలితాలను విశ్వవిద్యాలయం 1954లో ప్రత్యేక సంపుటంగా వెలువరించింది. లఫాండ్ 1955–56లో మళ్లీ వచ్చారు. తూర్పు తీరపు ఖండపు వాలు మీది ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అనే మూడు సముద్రాంతర్గత లోయలను 1964లో ఆయన తన వ్యాసంలో వర్ణించారు. ఒక ఆచార్యుడి పేరు సముద్రపు లోయకు నిలవడం ఆ తరం శ్రమకు తగిన గౌరవమే.

1976లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం విశాఖలో ఏర్పడింది. అక్కడి శాస్త్రవేత్తలు కె.ఎస్.ఆర్. మూర్తి తదితరులు నేల మీది భ్రంశాలు (రాతిపొరలు విరిగి జరిగిన చీలికలు) సముద్రంలోకి ఎలా సాగుతున్నాయో పరిశీలించారు. 1917లో విజయనగరం ప్రాంతంలోను, 1967లో ఒంగోలు దగ్గరా వచ్చిన భూకంపాలు ఈ అధ్యయనానికి ప్రాముఖ్యం తెచ్చాయి.

గ్యాస్ హైడ్రేట్ కోసం 2006లో జాయ్‌డిస్ రిజల్యూషన్ అనే పరిశోధన నౌక భారత తీరాల్లో 21 చోట్ల డ్రిల్లింగ్ చేసింది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో 10వ స్థలం దగ్గర సుమారు 128 మీటర్ల మందాన హైడ్రేట్ ఉన్న పొర బయటపడింది. పైకి తీసిన నల్లటి బంకమట్టి చీలికల్లో అది తెల్లని ముక్కలుగా, నరాలుగా కనిపించింది. పీడనం తగ్గడంతో కరిగి బుసబుస వాయువు వదిలింది. హైడ్రేట్ చీలికల్లోనే పేరుకోవడం ముఖ్యమైన ఆధారం: ఇక్కడ వాయువు నడిచేది భ్రంశాల దారినే. 2015లో జపాన్ నౌక చిక్యూ మరో 25 చోట్ల డ్రిల్లింగ్ చేసింది.

భూకంపానికీ ఊటకూ సూటి ముడి చూపిన ప్రసిద్ధ ఉదాహరణ అరేబియా సముద్రానిది. 1945 నవంబరు 28 తెల్లవారుజామున మాక్రాన్ తీరాన్ని కుదిపిన 8.1 తీవ్రత భూకంపం తరువాత పదుల ఏళ్లు మీథేన్ ఊరిందని, 2007లో తీసిన మట్టి నమూనాల రసాయన లెక్కల ఆధారంగా జర్మన్ పరిశోధకులు 2013లో ప్రకటించారు. ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్‌కు పడమట 2008లో 250కి పైగా బుడగల ధారలను గుర్తించారు. అక్కడ వెచ్చదనం, ఆటుపోట్లు, భ్రంశాల కదలిక – వీటిలో దేని వాటా ఎంతన్నది చర్చనీయాంశమే.

2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6 తీవ్రతతో వచ్చిన భూకంపం విశాఖలోనూ తెలిసింది. 2018లో భారత పరిశోధన నౌక సింధు సాధన కృష్ణా–గోదావరి బేసిన్‌లో చురుకైన మీథేన్ ఊటలను, వాటి చుట్టూ బతికే ఆల్చిప్పలను కనుగొంది. ఈ ఊటలను భ్రంశాలతో ముడిపెట్టడానికి ఆధారాలున్నాయి; ఫలానా భూకంపంతో ముడిపెట్టాలంటే మాత్రం కంపనాలనూ బుడగలనూ ఒకేచోట ఏళ్ల తరబడి కొలవాలి.